ఈ పిల్లకి అమ్మ ఎవరు

కోతుల సంరక్షణ కేంద్రంలో ఆవిడను అందరూ బంకమ్మ అంటారు. ఏదైనా పట్టుకుందంటే వదలదు మరి. కానీ ఆ ఉదయం ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. తప్పు తనదే.

రెండు కోతిపిల్లలకి ఒకేసారి జ్వరం వస్తే తల్లుల దగ్గర్నుంచి తెచ్చి వైద్యం చేస్తున్నారు. ఒకదాని తల్లి కుంటిది, రెండోదాని తల్లి తెల్లచెవి. కాళ్లు వాచాయని గుర్తు పట్టీలు డాక్టరే కత్తిరించాడు. వేరువేరు బుట్టల్లో గుక్కపట్టి ఏడుస్తున్నాయని బంకమ్మ జాలిపడి రెండింటినీ ఒకే దుప్పట్లో చుట్టింది. తెల్లారేసరికి ఒకటి చచ్చిపోయి, ఒకటే మిగిలింది. అది ఎవరి పిల్లో చెప్పడానికి ఆనవాలు లేదు.

"రక్తపరీక్ష ఫలితానికి పది రోజులు పడుతుందమ్మా. ఈలోగా తల్లికి పాలు ఎండిపోతాయి. సీసాపాలతో మనమే పెంచుదాం," అన్నాడు డాక్టరు.

"సీసాపాల సంగతి నాకు తెలుసు సార్. తెల్లచెవిని పెంచింది నేనే కదా. గుంపులో కలవడానికి దానికి నాలుగేళ్లు పట్టింది. దీనికి ఆ గతి పట్టనివ్వను."

"తల్లి కానిదానికి ఇస్తే కొరికి చంపుతుందేమో?"

"ముందు తల్లెవరో కనుక్కుంటాను. అప్పుడే ఇస్తాను."

పిల్లను చెక్కగోడ వెనక పెట్టి ఏడవనిచ్చింది. రెండు తల్లులూ ఒక్క ఉరుకున వచ్చి గోడను గీకాయి. పాలిచ్చే తల్లికి ఏ పిల్ల ఏడ్చినా ప్రాణం ఆగదు. "ఇలా తేలదమ్మా," అన్నట్టు చూశాడు డాక్టరు.

తెల్లచెవే తల్లి కావాలని బంకమ్మకి లోపల పీకుతూనే ఉంది. కాకిపిల్ల కాకికి ముద్దు. అందుకే తన కళ్లను తాను నమ్మదలచుకోలేదు.

"తల్లుల సంగతి వదిలేయండి సార్. పదిమందిలో పసిబిడ్డ ఏడిస్తే అందరం తల్లివైపే చూస్తాం కదా. ఏ గొంతు ఎవరి పిల్లదో ఈ గుంపుకీ తెలుసు. మిగతా ఏడు ఆడకోతులు ఎటు చూస్తాయో మీరే చూడండి. నేను చూడను."

ఆవరణకి ఈ చివర కుంటిదాన్ని, ఆ చివర తెల్లచెవిని వల గదుల్లో ఉంచారు. డాక్టరు మెట్లెక్కి ఫోన్ కెమెరా పట్టుకున్నాడు. గోడ వెనక బంకమ్మ పిల్ల నోట్లోంచి పాలపీక లాగింది. పిల్ల కీచుమంది.

"ఏడింట్లో ఐదు కుంటిదాని వైపు తిరిగాయి," అన్నాడు డాక్టరు.

"ఇంకోసారి సార్."

"ఆరు. అటే."

ఇది తేలే పని కాదులెండి అనేస్తే సరిపోతుంది. పిల్లను తెల్లచెవికి ఇచ్చి చూద్దామనీ అనొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. బంకమ్మ మింగేసింది.

"మూడోసారి కూడా చూద్దాం."

ఈసారి డాక్టరు ఫోన్‌ని ఆవరణంతా తిప్పి చూశాడు. "ఏడూ అటే చూశాయి," అన్నాడు.

"తెల్లచెవి ఏం చేస్తోంది?"

"వల లాగడం మానేసిందమ్మా. అదీ కుంటిదాని వైపే చూస్తోంది."

బంకమ్మ కళ్లు తుడుచుకుని, పిల్లను తీసుకెళ్లి కుంటిదాని గది తలుపు తీసింది. కుంటిది గుర్రుమంటూ పిల్లను లాక్కుని రొమ్ముకి అదుముకుంది. పిల్ల చప్పుడు చేయకుండా తాగసాగింది. గుంపంతా ఆ వల చుట్టూ చేరింది.

తెల్లచెవి వైపు చూసేవాళ్లెవరూ లేరు. బంకమ్మ వెళ్లి దాని ఎదుట కూర్చుని, దాన్నే చూసింది.