సహజ సంభాషణ, ఒక గంట

నేను మడతపెట్టిన బట్టల మీద తడి తువ్వాలు పడేసి, "రెండున్నరేళ్లొచ్చినా పిల్ల ఒక్క మాట అనదు. తల్లి పలికితేగా పిల్ల పలికేది" అన్నారు అత్తగారు. తువ్వాలు తీసి ఆరేశాను. నోట్లో నాలుక లేని పిల్లని ఏరికోరి కోడలిగా చేసుకున్నది ఆవిడే. నా వల్లేనా, నా వల్లేనా అని రోజుకి పదిసార్లు అనుకుంటాను. పైకి అనను.

మాటలు నేర్పే డాక్టరమ్మ ఒక కాగితమిచ్చింది. ఇంట్లో గంటసేపు సహజ సంభాషణ ఫోన్లో రికార్డు చేసి, విని, ఎవరు ఎన్ని వంతులు మాట్లాడారో గళ్లలో రాసుకు రమ్మంది. కాగితంలో ఉన్న వర్ణం, పదం, వాక్యం బళ్లో విన్నవే. పదో తరగతి మధ్యలో మాన్పించారు కాబట్టి మిగతావి కూడబలుక్కుని చదివాను. సహజ సంభాషణంటే ఎవరో వింటున్నారనే ధ్యాస లేకుండా మాట్లాడుకునేది. వంతంటే ఒకరు మొదలుపెట్టి ఆపేదాకా. దానికి ఇంకొకరి జవాబు రావాలి.

"నీకేం అర్థమవుతుంది, ఇలా తే" అని మా ఆయన కాగితం లాక్కున్నారు. ఆదివారం అందరినీ కూర్చోబెట్టి తన ఫోన్ మధ్యలో పెట్టారు. మామగారు నన్ను "కాస్త కూర్చోమ్మా" అన్నారు. అత్తగారు రేడియోలోలాగా పాపకి కథ చెప్పారు. ఏం కూర తినాలనుందని ఆయన నన్నడిగారు. పెళ్లైన నాలుగేళ్లలో వినని మాటలు. అబద్ధమని తెలిసీ, ఆ గంట అయిపోకూడదనుకున్నాను.

సోమవారం పొద్దున నా ఫోన్లో రికార్డు ఆన్ చేసి వంటింటి డబ్బాల వెనక పెట్టాను. మధ్యాహ్నం పాత నోటుబుక్కులో గళ్లు గీసుకుని విన్నాను. కుక్కరు కూత, కుళాయి. నీళ్లు. చొక్కా ఏదీ. తలుపు చూడు. అన్నీ నాకే. జవాబుగా నా అడుగుల చప్పుడు. నా గడి ఖాళీ. పాపది కూడా అంతేలే అనుకుంటూ ఫోన్ చెవికి ఆనించాను. రికార్డులో, నా కాళ్ల దగ్గర్నుంచి, చిన్నగా, పాప "ఊఁ" అంది. కాసేపాగి, మళ్లీ "ఊఁ" అంది. జవాబుగా నా గిన్నెల చప్పుడు. ఇంక అనలేదు.

డాక్టరమ్మ గదిలో ఆయన ఆదివారం రికార్డు పెట్టబోతుంటే, నా ఫోన్ బల్ల మీద పెట్టాను.

"ఇది వినండి. ఆదివారంది మాకు మేం నేర్పుకుని మాట్లాడింది."

ఆయన నా మోచెయ్యి పట్టుకున్నారు. విడిపించుకున్నాను.

"పాప పిలుస్తూనే ఉందండీ. ముందు నాకు నేర్పండి, పలకడం."