ఎర్ర స్టిక్కరు

కాలరక్క కుడి చూపుడువేలు మూడు నెలలుగా వంగడం లేదు. మెడ అయితే పుట్టినప్పటి నుంచీ వంగదు.

చొక్కాలు కుట్టే ఆ షెడ్డులో పధ్నాలుగో మిషను ఆమెది. రోజుకి తొమ్మిది వందల కాలర్లు. ఆ వేగం అందుకోలేకే కరెంటు మధ్యమధ్యలో పోతుందని చెప్పుకునేవాళ్లు. అది చాలక, చిటికెలేస్తే తప్ప మాట పెగలని మేనేజరు, "ఈ అడ్డురేకు తీసేస్తే ఇంకో వంద వస్తాయి" అని, సూదికీ వేళ్లకీ మధ్య ఉండే రేకు ఊడబీకించాడు. వారం తిరక్కుండా సూది గోట్లో దిగి ఎముకని పలకరించి వచ్చింది.

ఆమెని చెకింగు బల్లకి మార్చారు, తప్పున్న చొక్కాకి ఎర్ర స్టిక్కరు అంటించే పనికి. మిషను మీద ఎవర్ని కూర్చోబెట్టారు? సొంత తోడికోడల్ని! వంటింట్లో సగం పంచుకున్నది చాలక కుర్చీ మొత్తం ఎగరేసుకుపోయిందని కాలరక్క ఆ రోజే మాటలు మానేసింది. ఎప్పటికైనా ఆ మిషను వెనక్కి తెచ్చుకోవాలి. ఒకటే పంతం.

"ఎర్ర స్టిక్కరు పడిన వస్తువును సరిచేసేదాకా ఎవరూ ముట్టుకోరాదు" అని గోడ మీద రూలు, కింద మేనేజరు సంతకం. కాలరక్క కడుపుమంటంతా స్టిక్కర్లలోకి దిగింది. మూడు వారాలకి షెడ్డంతా తట్టు పోసినట్టయింది. అదే షెడ్డులో పనిచేసే మొగుడు గుండీ తప్పు పెట్టుకుంటే ఆయన వీపుకీ ఒకటి పడింది. రూలు ప్రకారం సాయంత్రం దాకా ఆయన్నెవరూ ముట్టుకోలేదు.

చిత్రమేంటంటే, ఆమె అంటించిన ప్రతిదాంట్లోనూ నిజంగానే తప్పుంది.

ఒకరోజు మేనేజరు చిటికేస్తూ వచ్చాడు. "ఏంటమ్మా, రోజుకిన్ని తిప్పికొడితే నేనేం పంపాలి?"

"ముందు మీ చంక చూసుకోండి సార్. కుట్టు ఊడింది." టప్పున అంటించింది.

షెడ్డంతా కిసుక్కుమంది. ఆయన మొహం స్టిక్కరుకి జోడీ అయింది. "తల్లీ, నీకో దండం. నీ మిషను నువ్వు తీసుకో, ఈ బల్ల వదిలెయ్!"

కాలరక్క నాలుగు అంగల్లో పధ్నాలుగో మిషను దగ్గరుంది.

తోడికోడలు లేచింది. "కూర్చో అక్కా. నీ కుర్చీ నాకేం పూలపాన్పు కాదులే."

కూర్చోబోయి ఆగిపోయింది కాలరక్క. సూది ముందు అడ్డురేకు లేదు. ఇంకా లేదు!

"రేకు లేకుండానే కుడుతున్నావా?"

"రేకు పెట్టమంటే స్పీడు తగ్గుతుందన్నాడు."

"నాకు చెప్పి చావొచ్చుగా!"

"నువ్వు నాతో మాట్లాడితేగా!"

కాలరక్క చుట్టూ చూసింది. ఏ మిషనుకీ రేకు లేదు. చెవుల్లోంచి పొగలొచ్చాయి. మిషను నుదుట ఎర్ర స్టిక్కరు పెట్టింది. తర్వాత పదిహేనుకి, పదహారుకి, అలా షెడ్డులో ఉన్న నలభై మిషన్లకీ. మిషన్లన్నీ ఆగాయి. షెడ్డులో ఫ్యానుకి చప్పుడుందని ఆ రోజే అందరికీ తెలిసింది.

"ఏయ్, అవి చొక్కాలకి!"

"వస్తువు అని రాశారు సార్. సంతకం మీదే."

మేనేజరు చిటికేశాడు. ఒక్కరూ కదల్లేదు. ఇంకోటేశాడు. తోడికోడలు చేతులు కట్టుకుంది.

"మరి... నీ మిషను వద్దా?"

"ఈ వేలు కుట్టడానికి పనికిరాదు." వంగని వేలు నిటారుగా ఆయన ముక్కు మీదికి వెళ్లింది. "తప్పు చూపించడానికి మాత్రం దిట్టంగా ఉంది. రేకులు బిగించే మనిషిని పిలవండి."

భోజనాల వేళకి నలభై రేకులూ ఎక్కాయి. కాలరక్క తన బల్ల దగ్గర కూర్చుంది. మొదట వచ్చింది తోడికోడలు కుట్టిన కాలరే. అటూ ఇటూ తిప్పి చూసి, ఒకటి అంటించి విసిరేసింది.

"వంకర. మళ్లీ కుట్టు!"