పెడల్ మీద కాలు

అక్క పెళ్లయిన కొత్తలో మెకానిక్‌కి కారు నడపడం నేర్పింది బావే. క్లచ్ వదలడం చేతకాక బండి కప్పలా గెంతుతుంటే పక్క సీట్లో పొట్ట పట్టుకుని నవ్వేవాడు తప్ప ఒక్కసారీ కసురుకోలేదు. అందుకే ముప్పై ఏళ్ల తర్వాత ఆ బావ ఒక పాత స్పోర్ట్స్ కారు తెచ్చి వర్క్‌షాపు ముందు ఆపినప్పుడు, "ఈ వయసులో ఇదేం పిచ్చి బావా" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చినా మింగేశాడు.

పసుపు రంగు బండి. రెండే సీట్లు. నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. అందులోంచి దిగడమంటే బావిలోంచి పైకి రావడమే. బావకి కళ్లజోళ్ల షాపు ఉంది. రోజంతా చీకటి గదిలో కూర్చుని "ఇప్పుడు బాగుందా, ఇప్పుడు బాగుందా" అని అద్దాలు మార్చే మనిషి. ఆయనలో ఇంత కోరిక దాగుందని ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఊరి బయట రేసుల ట్రాక్ ఉంది. నెలకో ఆదివారం కార్ల క్లబ్బు వాళ్లు దాన్ని మామూలు జనం కోసం తెరుస్తారు. పందెం లేదు, కప్పు లేదు. ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని, రోడ్డు మీద తోలలేనంత వేగంగా నాలుగు చుట్లు తోలుకుని ఇంటికి పోవచ్చు. బండి ఆ వేగాన్ని తట్టుకునేలా ఉందని ఒక మెకానిక్ కాగితం మీద సంతకం పెట్టాలి. అదొక్కటే షరతు.

"నాకు సంతకం నువ్వే పెట్టాలిరా బామ్మర్దీ," అన్నాడు బావ.

"బండికి పెడతాను. నీకు పెట్టమంటే మాత్రం నావల్ల కాదు," అన్నాడు మెకానిక్. ఇద్దరూ నవ్వుకున్నారు.

పని మొదలైంది. వదులుగా ఉన్న బ్యాటరీని కదలకుండా బిగించాడు. మ్యాట్లు, స్టెప్నీ, డిక్కీలో దొర్లే సామానంతా తీసేశాడు. ఇంజన్ ఆయిల్ మార్చాడు. వేడికి తట్టుకునే బ్రేక్ ప్యాడ్లు వేశాడు. ఇక మిగిలింది పాత బ్రేక్ ఆయిల్ తీసి కొత్తది పోయడం, గొట్టాల్లో ఉన్న గాలిని బయటికి పంపడం.

అది ఇద్దరు మనుషుల పని. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గర చిన్న మరను తిప్పి, గాలి బుడగలు పోయాక బిగించాలి. ఆ మర బిగిసేదాకా కాలు తీయకూడదు. తీస్తే గొట్టం గాలిని మళ్లీ లోపలికి లాక్కుంటుంది.

"నొక్కు బావా."

"నొక్కాను."

"పట్టుకునే ఉండు."

"పట్టుకునే ఉన్నానురా, కానియ్."

సన్నని గొట్టంలోంచి బుడగలు వచ్చాయి. అది మామూలే. పదిసార్లు చేశాక కూడా వచ్చాయి. ఇరవైసార్లయ్యాక కూడా వస్తూనే ఉంటే మెకానిక్ చెమట తుడుచుకుని లేచాడు. పెడల్ చేత్తో నొక్కి చూస్తే తడిసిన దూదిలా మెత్తగా దిగిపోతోంది.

పెడల్ తొక్కితే ఆ ఒత్తిడిని ఆయిల్‌లోకి పంపే మాస్టర్ సిలిండర్ పోయిందేమో అనుకున్నాడు. మర్నాడు కొత్తది తెప్పించి వేశాడు. బావ షాపు మూసుకుని వచ్చి మళ్లీ సీట్లో కూర్చున్నాడు. మళ్లీ బుడగలే. పాతికేళ్లుగా చేస్తున్న పని మొదటిసారి చేతకానట్టు అనిపించి మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది.

బావ వెళ్లాక, పక్కనే టైర్ల షాపు నడిపే ఆవిడ వచ్చి తొంగిచూసింది. "ఏంటి, రెండు రోజులుగా 'నొక్కు, వదులు' అని జపం చేస్తున్నారు?"

"ఓసారి వచ్చి కూర్చుంటారా? ఐదు నిమిషాలు."

ఆవిడ చెప్పులు విడిచి సీట్లోకి దిగింది. నాలుగు చక్రాలూ పావుగంటలో అయిపోయాయి. బుడగ అన్నది లేదు. పెడల్ రాయిలా గట్టిపడింది.

"నా కాలి మహిమ," అని నవ్వుతూ ఆవిడ వెళ్లిపోయింది. మెకానిక్‌కి మాత్రం నవ్వు రాలేదు. కొత్త సిలిండర్ పెట్టెలో పడి ఉన్న పాతదాన్ని తీసి చూశాడు. దానికేమీ కాలేదు.

గురువారం బండి తీసుకెళ్లడానికి బావ వచ్చాడు. "ఒక్కసారి చివరగా తొక్కి పట్టుకో బావా," అన్నాడు మెకానిక్. ఈసారి చక్రం దగ్గరికి పోలేదు. తెరిచిన తలుపు పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాడు.

బావ కుడికాలు పెడల్‌ని గట్టిగానే తొక్కింది. రెండు క్షణాలాగి మెల్లగా పక్కకి జారింది. పూర్తిగా జారి నేల మీద ఆనింది.

"పట్టుకునే ఉన్నావా?"

"ఆఁ, పట్టుకునే ఉన్నా," అన్నాడు బావ, అద్దంలోంచి ముందుకు చూస్తూ.

మెకానిక్ ఆ కాలి బూటు లాగాడు. అందులోంచి ఒక చిన్న నట్టు టంగుమని నేల మీద పడింది. వర్క్‌షాపులో ఎప్పుడు దూరిందో ఏమో. మేజోడు తీస్తే అరికాలులో ఆరు పలకల గుంట అచ్చుగుద్దినట్టు పడి ఉంది. బొటనవేలి కింద నల్లబడిన పుండు ఉంది.

"ఎన్నాళ్ల నుంచి బావా?"

బావ మేజోడు అందుకుని మడతపెట్టాడు. "సుగర్ సంగతి మీ అక్కకి తెలుసు. కాలు మొద్దుబారిందని తెలియదు. ఏడాదైంది. పుండు ఉందని నాకూ తెలియదురా, ఒట్టు."

"ఏడాదిగా ఇలాగే నడుపుతున్నావా?"

"అలవాటైపోయింది. బండి ఊపుని బట్టి తెలుస్తుంది కదా." గొంతు తగ్గించాడు. "ఆదివారం ఒక్కటీ వెళ్లనివ్వు. సోమవారం డాక్టర్ దగ్గరికి నేనే పోతాను, మీ అక్కకి నేనే చెప్తాను. జీవితంలో ఏదీ అడగలేదు నిన్ను."

నిజమే, ఎప్పుడూ ఏదీ అడగలేదు. మెకానిక్ కాగితం మీద సంతకం పెట్టలేదు. కానీ బావ చెయ్యి చాచినప్పుడు తాళం ఇచ్చేశాడు.

ఆ రాత్రి కంచం ముందు కూర్చుని అదే ఆలోచించాడు. ట్రాక్ మీదైతే అందరూ హెల్మెట్లు పెట్టుకుంటారు, చుట్టూ టైర్ల గోడలుంటాయి, అంబులెన్సు ఉంటుంది. ఆదివారం కాదు సమస్య. రేపు శుక్రవారం. బడి ఉంది. అక్క టీచరు. పెళ్లయిన నాటి నుంచీ ఆమెని రోజూ బడి దగ్గర దింపేది బావే.

తెల్లవారాక ఎనిమిదిన్నరకల్లా బడి ఎదురుగా నిలబడ్డాడు. పిల్లలు గుంపులు గుంపులుగా రోడ్డు దాటుతున్నారు. పసుపు బండి మలుపు తిరిగింది. గేటు దగ్గర ఆగాల్సింది ఆగలేదు. మూడు గజాలు ముందుకొచ్చి, కుదుపుతో, ముందు చక్రం ఫుట్‌పాత్ ఎక్కి ఆగింది. బరువు సంచీ మోస్తున్న ఒక చిన్నపిల్ల వెనక్కి గెంతి, ఏం జరగనట్టే లోపలికి పరిగెత్తింది. అంతమందిలో దాన్ని చూసింది మెకానిక్ ఒక్కడే.

అక్క దిగగానే ఎదురెళ్లి, అక్కడే గేటు పక్కన నిలబెట్టి అంతా చెప్పేశాడు. ఆమె మొహంలో రంగు పోయింది. కానీ ముందు అడిగింది బావ గురించి కాదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న మధ్యాహ్నం."

"నిన్న మధ్యాహ్నం తెలిసి, ఇవాళ పొద్దున నన్నెలా ఎక్కనిచ్చావురా? ఈ పిల్లల మధ్యకి ఎలా రానిచ్చావు?"

ఆమె బండి దగ్గరికి నడిచి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం లాగేసింది. బావ ఆమెని కాదు, గేటు పక్కనున్న బావమరిదిని చూశాడు.

"బావమరిది బతుకు కోరతాడంటారు," అన్నాడు తలుపు పట్టుకుని లేస్తూ. "బండిని చూడమంటే నన్ను చూశావేంట్రా."

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి తీసుకెళ్లారు. పుండు ఎముకదాకా పోయింది. ఇంకో నెల ఆగితే పాదమే పోయేదని డాక్టరు చెప్పాడు. బొటనవేలు తీసేశారు. మెకానిక్ పళ్లు తీసుకుని రెండుసార్లు వెళ్లాడు. రెండుసార్లూ బావ గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అక్క తలుపుదాకా వచ్చి సాగనంపింది గానీ ఆమె కూడా మునుపటిలా మాట్లాడలేదు. బావ దాచింది ఏడాది, తను దాచింది ఒక్క పూట. అయినా అక్క ఎవరిని ముందు క్షమిస్తుందో అతనికి అర్థం కాలేదు.

బండి వర్క్‌షాపు మూలలో గుడ్డ కప్పుకుని ఉంది. నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం బావ వచ్చాడు, బస్సులో. కాలికి మెత్తటి వెడల్పు బూటు ఉంది. బల్ల మీద కూర్చుని టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి అన్నాడు:

"ఎవరికైనా ఇచ్చేయ్ దాన్ని. ట్రాక్ మీదికి తీసుకెళ్లేవాడికైతేనే ఇవ్వు."

"అలాగే బావా. పద, నేను దింపుతాను."

"వద్దు. బస్సుంది."

ఆయన లేచాడు. నేలని తాకుతున్నదీ లేనిదీ పాదానికి తెలియదు కాబట్టి, ప్రతి అడుగునీ కళ్లతో చూసి వెయ్యమన్నారట డాక్టర్లు. తల వంచుకుని, ఒక్కో అడుగూ చూసుకుంటూ, బస్టాపు వైపు నడిచాడు. మెకానిక్ చేతిలో గ్లాసులు పట్టుకుని, ఆయన రోడ్డు దాటేదాకా అక్కడే నిలబడ్డాడు.