జానెడు ఎక్కువ

చిత్రిక పట్టిన పలక మీద హమాయక్ అరచేతిని ఈ కొస నుంచి ఆ కొస దాకా నెమ్మదిగా జరిపాడు. మధ్యలో ఒకచోట చెయ్యి ఆగింది. ఆగిందంటే పని మిగిలినట్టే. విసుక్కుంటూ చిత్రికని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తెల్లవారినప్పటి నుంచీ ఎడమ భుజం లాగుతోంది. కానీ ఈ వయసులో ఏ భుజం లాగదు గనక అని ఊరుకున్నాడు.

మనిషి పొట్టి. మెడ లేనట్టుగా తల భుజాల మీద కూర్చుని ఉంటుంది. కనుబొమల్లో ఎప్పుడూ చెక్కపొట్టు. డెబ్భై ఏళ్ళొచ్చినా చేతులు మాత్రం వాటి యజమానికన్నా పదేళ్ళు చిన్నవిగా కనిపిస్తాయి. ఆ చేతులు గ్యుమ్రీ ఊళ్ళో సగం ఇళ్ళకి కిటికీలు చేశాయి, మంచాలు చేశాయి, ఊయలలు చేశాయి. అంతకుమించి వాటి గురించి ఎవరూ ఎక్కడా రాయలేదు, రాసేటంతగా ఏమీ జరగలేదు కూడా.

"ఏవయ్యా!" అంటూ భార్య హైకుష్ ఇంట్లోంచి కాఫీ తెచ్చింది. ఇల్లంటే ఇనప డబ్బా. ముప్ఫై ఏళ్ళ కింద భూకంపం వచ్చాక, రెండేళ్ళలో పక్కా ఇళ్ళు కట్టిస్తాం, అంతదాకా సర్దుకోండి అని ఇచ్చిన డబ్బా. ఆ రెండేళ్ళు ఇంకా పూర్తి కాలేదు. "ఆ పెట్టెల్లో ఒకటి ఇటివ్వు. బంగాళాదుంపలు పోసుకోడానికి చోటు లేక చస్తున్నాను."

"శవప్పెట్టెలో దుంపలేమిటే, బుద్ధుందా?"

"బుద్ధి నాకుండాలా? గుమ్మం ముందు ఇన్ని శవప్పెట్టెలు పేర్చింది ఎవరు? నిన్న పోస్టు మనిషి వచ్చి, చేతులు కట్టుకుని, ఎవరు పోయారమ్మా అని ఏడవబోయాడు. సినిమా నాయనా అంటే నమ్మడే!"

హమాయక్ కాఫీ తాగాడు. ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. నెల రోజులుగా ఇంటి ముందు నడవడానికి దారి లేదు. రాజధాని యెరెవాన్ నుంచి వచ్చినవాళ్ళు ఆనాటి భూకంపాన్ని సినిమాగా తీస్తున్నారు. ఖననం దృశ్యానికి పెట్టెలు కావాలన్నారు. ఆనాడు ఈ ఊళ్ళో పెట్టెలు చేసిన వడ్రంగుల్లో ఇంకా రంపం పట్టగలిగినవాడు ఇతనొక్కడే అని ఎవరో చెబితే వచ్చారు.

కావలసింది ఎలాంటివో కూడా ఫోటోలు చూపించి మరీ చెప్పారు. చిత్రిక పట్టని పలకలు, బయటికి పొడుచుకొచ్చిన మేకులు, అన్నీ ఒకే కొలత. ఫోటోల్లో ఉన్నది నిజమే. అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ డిసెంబరులో యంత్రాల పెట్టెలు పగలగొట్టిన చెక్కతో, ఎముకలు కొరికే చలిలో, మేకు వంగితే వంగినట్టే వదిలేసి కొట్టింది అతనే. జనం నిలబడి ఎదురుచూస్తున్నారు. చిన్నవాళ్ళకీ పెద్దవాళ్ళకీ అదే కొలత. చెక్క ఎంత పొడుగుంటే పెట్టె అంత పొడుగు.

ఆ పెట్టెల్లో ఒకటి గుర్గెన్‌కి వెళ్ళింది.

గుర్గెన్ అతని అన్న, అతనికి పని నేర్పిన గురువు, ఊళ్ళోకెల్లా పొడుగరి, ఊళ్ళోకెల్లా సణుగుడు మనిషి. మంచం చేస్తే, పడుకునేవాడి నిలువుకి పైన జానెడు కలిపి చెయ్యాలనేవాడు. "నిద్రలో మనిషి ఒళ్ళు విరుచుకోడూ? వాడి కాళ్ళు గాల్లో వేలాడితే నా పరువేం కావాలి?" అనేవాడు. గరుకు తగిలిందంటే తమ్ముడు చేసిన కుర్చీని అందరి ముందూ తిరగేసి, "ఇది మేకలకా, మనుషులకా?" అని అడిగేవాడు. అలాంటి మనిషిని కూలిన పనికొట్టం గోడ కిందనుంచి తీసి, గరుకు పలకల పెట్టెలో పెట్టబోతే పట్టలేదు. మోకాళ్ళు మడవాల్సి వచ్చింది. మడిచిందీ, మూత బిగించిందీ హమాయక్కే.

ఊరందరికీ తెలిసిన సంగతే ఇది. మంగలి మార్తిన్ అయితే ముప్ఫై ఏళ్ళుగా దీని మీదే బతుకుతున్నాడు. "రాత్రి మీ అన్న కల్లోకి వచ్చాడ్రా. పెట్టె వెనక్కిచ్చేస్తాడట. పని బాగాలేదట," అంటాడు. హమాయక్ బూతులు తిడతాడు. ఇద్దరూ కాఫీ తాగుతారు. గ్యుమ్రీలో ఏడుపుని అలాగే నమిలి మింగుతారు. కానీ ప్రతిసారీ ఆ మాట అతని లోపల ఎక్కడో గుచ్చుకునేది. చెక్కపేడు గోరు కింద దిగినట్టు ఉండేది.

అందుకే సినిమావాళ్ళు అడిగినవన్నీ వాళ్ళు అడిగినంత అధ్వాన్నంగానే చేసిపెట్టి, చివరిదాన్ని మాత్రం తనకోసం అట్టేపెట్టుకున్నాడు. అక్రోటు చెక్క. మూలలు మేకులు లేకుండా ఒకదానిలో ఒకటి దిగేలా కోశాడు. గుర్గెన్ నిలువు, పైన జానెడు. ఇది వరసలో చేరాలి. మిగతావాటితో పాటు దీని చుట్టూ కూడా ఆడవాళ్ళు ఏడవాలి. మళ్ళీ అన్నని సాగనంపడం ఎలాగూ జరగదు, ఇలాగైనా ఒకసారి చూడాలి. అంతే అతని కోరిక.

లారీ వచ్చింది. దాని వెనకే కళాదర్శకురాలు షూషాన్ వచ్చింది. ముప్ఫై దాటని పిల్ల, నిద్రలేని కళ్ళు, మెడలో టేపు. గరుకు పెట్టెలన్నీ ఎక్కించాక చివరిదాని దగ్గర ఆగిపోయింది.

"మేస్త్రీ గారూ, ఇదేంటండీ?"

"పెట్టె."

"అది కనిపిస్తోందండీ. ఇంత అందంగా ఉందేంటి? పొడుగు కూడా తేడాగా ఉంది. ఆ రోజుల్లో ఇలాంటివి లేవని మీరేగా నాకు చెప్పారు?"

"లేవు."

"మరి?"

"ఇప్పుడుంది."

షూషాన్ నుదురు కొట్టుకుంది. "నీ నొప్పి నాకు రానీ తాతా, నన్ను చంపకు. దర్శకుడు నా ప్రాణం తీస్తాడు. జరిగింది జరిగినట్టు చూపించాలని రెండేళ్ళుగా ఫోటోలు పట్టుకుని తిరుగుతున్నాను. నువ్వే అబద్ధం చేసిపెడితే ఎలా?"

ఆమెది తప్పేం కాదు. అదే అతనికి ఎక్కువ విసుగు తెప్పించింది. తప్పయితే నాలుగు తిట్టి పంపేవాడు.

"చూడమ్మాయ్, నిజంలో ఎలాగూ కుదరలేదు. సినిమాలో కూడా కుదరకపోతే ఇంక సినిమా ఎందుకు?"

హైకుష్ గుమ్మంలోంచి అరిచింది, "తీసుకుపో తల్లీ! నువ్వు తీసుకుపోకపోతే ఆ పెట్టెకి కూడా నేనే అన్నం పెట్టాలి."

"చివర్లో పెడతాను. ఎవరి కంటా పడకుండా," అంది షూషాన్, తన మీద తనే విసుక్కుంటున్నట్టు. హమాయక్ కూడా లారీ ఎక్కాడు.

షూటింగు ఊరి చివర కోతలయిన బార్లీ చేలో. అసలు శ్మశానంలో తియ్యడానికి ఊరు ఒప్పుకోలేదు. చేను నిండా నల్లబట్టల ఆడవాళ్ళు, పాత టోపీల మగవాళ్ళు. అందరూ ఊరివాళ్ళే. సగంమంది అప్పుడు నిజంగా ఏడ్చినవాళ్ళు, సగంమంది అప్పటికి పుట్టనివాళ్ళు. ఒక యంత్రం కాగితపు ముక్కల్ని మంచులాగా పైనుంచి కురిపిస్తోంది. ఎండ చుర్రుమంటోంది. కోట్లలో అందరికీ చెమటలు.

"మంచేమిటి నా తలకాయ! ఆ రోజు మంచు లేదు, దుమ్ము," అంది ఒక ముసలమ్మ.

"లేకపోవడమేంటే? మా ఆయన్ని పూడ్చేటప్పుడు నా మోకాళ్ళదాకా ఉంది!" అంది ఇంకొకామె.

"నీ మోకాళ్ళదాకా అంటే ఎంతే, బెత్తెడు!"

ఇద్దరూ కెమెరా తిరుగుతుండగానే మొదలుపెట్టారు. సహాయ దర్శకుడు మైకులో మొరపెట్టుకున్నాడు. "అమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఏడవండి. పోట్లాడకండి. ఇందాక నవ్వారు, ఇప్పుడు పోట్లాడుతున్నారు, ఏడవమంటే ఒక్కరూ ఏడవరేం?"

"పొద్దున్నుంచీ తిండి పెట్టకపోతే ఏడుపెక్కడినుంచి వస్తుంది బాబూ?" అన్నాడు మార్తిన్. అతను కూడా తలకి కట్టు కట్టించుకుని గాయపడ్డవాడి వేషంలో ఉన్నాడు. చేనంతా గొల్లున నవ్వింది.

దర్శకుడు కెమెరాలోంచి చూసి కేకేశాడు. వరస చివర ఒక పెట్టె బయటికి పొడుచుకొచ్చింది. దాన్ని తీసెయ్యండి, లేకపోతే రంపంతో ఒక జానెడు కోసెయ్యండి అన్నాడు. ఎవరో నిజంగానే రంపం పట్టుకొచ్చారు.

హమాయక్ వెళ్ళి ఆ పెట్టె కాళ్ళవైపు ఒక బోర్లించిన బుట్ట మీద కూర్చున్నాడు. ముఖం ఎర్రబడింది. ఊపిరి అందకపోయినా గొంతు మాత్రం బాగానే అందింది.

"కొయ్యాలంటే ముందు నన్ను కొయ్యి. ముప్ఫై ఏళ్ళ కింద ఒకసారి జానెడు తక్కువ చేశాను. చెక్క లేదు. ఇప్పుడుంది. ముట్టుకున్నవాడి చెయ్యి విరుస్తాను."

రంపం తెచ్చినవాడు షూషాన్ వైపు చూశాడు. షూషాన్ దర్శకుడి వైపు చూసింది. వెళ్ళి అతని చెవిలో ఏదో చెప్పింది. ఏం చెప్పిందో ఎవరికీ వినపడలేదు గాని, అతను టోపీ తీసి నేలకేసి కొట్టాడు. "సరే! ఈ ఊళ్ళో ఒక్కడు నా మాట విన్నాడా? ఆ ముసలాయన్ని అక్కడే కూర్చోబెట్టండి. పెట్టె ఆయన వెనక్కి పోతుంది. కోటు తొడగండి."

కోటు తొడిగారు. పాత బొచ్చు టోపీ పెట్టారు. నటించడం తనకి రాదన్నాడు హమాయక్. నటించొద్దు, ఊరికే కూర్చో అన్నారు. అది వచ్చునన్నాడు.

కాగితపు మంచు మళ్ళీ మొదలయింది. ఈసారి ఎందుకో ఆడవాళ్ళు నిజంగానే అందుకున్నారు. దుమ్మన్న ముసలమ్మే ముందు మొదలుపెట్టింది. సినిమా కోసం పెట్టిన పేరు కాకుండా తన కొడుకు పేరు పెట్టి పిలిచింది. ఆ తరవాత ఎవరి పేర్లు వాళ్ళు పిలుచుకున్నారు. హమాయక్ చెయ్యి వెనక్కి చాపి, పెట్టె అంచు మీద పెట్టి, కొస దాకా జరిపాడు. ఎక్కడా ఆగలేదు. "ఇదిగో, చూసుకో. ఇంకేమంటావ్?" అని సణిగాడు, ఎదురుగా అన్న నిలబడి వంకలు వెతుకుతున్నట్టు. గుర్గెన్‌కి వంక దొరకలేదు. ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి అన్న మీద కోపం పోయి, బెంగ ఒక్కటే మిగిలింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

దృశ్యం అయ్యింది. ఇంకోసారి తియ్యాలన్నారు. జనం ముక్కులు చీదుకుని, మళ్ళీ కబుర్లలో పడ్డారు.

"కదలకండి! ఎక్కడివాళ్ళు అక్కడే!" మైకులో అరుపు. "ఆ చివర పెద్దాయన్ని చూసి నేర్చుకోండి. ఎంతసేపటి నుంచి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్నాడో చూడండి!"

మార్తిన్ తలకట్టు సర్దుకుంటూ అతని దగ్గరికి నడిచాడు. "ఒరేయ్, హీరో అయిపోయావురా. మైకులో నీ పేరే. ఇంక మా కొట్లో గడ్డం గీయించుకోవేమో?" అన్నాడు. జవాబు లేదు. "మీ అన్న ఒప్పుకున్నాడా పనిని?" అన్నాడు. ఈ మాటకి తిట్టు రాకపోవడం ముప్ఫై ఏళ్ళలో ఎప్పుడూ లేదు. మార్తిన్ వంగి అతని ముఖంలోకి చూశాడు. కనుబొమల్లో చెక్కపొట్టు మీద కాగితపు ముక్కలు పడి ఉన్నాయి. చెయ్యి ఇంకా పెట్టె అంచు మీదే ఉంది. మార్తిన్ ఆ చెయ్యి పట్టుకుని కింద కూలబడ్డాడు. అతను ఏడవడం చూసి, బాగా చేస్తున్నాడని దూరం నుంచి ఎవరో మెచ్చుకున్నారు.

హైకుష్‌ని తీసుకొచ్చారు. ఆమె అరవలేదు. అతని టోపీ తీసి, దుమ్ము దులిపి, "ఎవరిదో టోపీ. తలకి పట్టను కూడా పట్టలేదు," అని షూషాన్ చేతికిచ్చింది. ఊళ్ళో మంచి కొట్టు ఉంది, మెరుగుపెట్టిన పెట్టె మేమే కొనిస్తాం అన్నాడు దర్శకుడు, ఆమె కళ్ళలోకి చూడలేక.

"కొనేదేంటి? ఆయన చేసుకున్నది ఉందిగా."

"అది మీ బావగారి కొలత కదమ్మా," అంది షూషాన్. "చాలా వదులవుతుంది."

"ఏం, చిన్నప్పటినుంచీ వాళ్ళన్న చొక్కాలే వేసుకుని పెరిగాడు. ఒక్కటీ సరిపోయింది లేదు. సర్దుకుంటాడులే," అంది హైకుష్. అప్పుడు ఏడ్చింది.

నలుగురు మగవాళ్ళు కోట్లు విప్పేసి, అతన్ని అందులో పడుకోబెట్టి, పెట్టెని భుజాల మీదికెత్తుకున్నారు. జనమంతా, వేషాలతోనే, వాళ్ళ వెనక ఊరివైపు నడిచారు. చేలో గరుకు పెట్టెలు మాత్రం మిగిలాయి.

ఒక కుర్ర పనివాడు అలవాటుకొద్దీ బస్తాలోంచి కాగితపు మంచు తీసి, ఖాళీ అయిన చోట చల్లబోయాడు. షూషాన్ అతని మణికట్టు పట్టుకుని ఆపింది. వరస కొసన, తెల్లటి కాగితాల నడుమ, మిగతావాటికన్నా జానెడు పొడుగ్గా, ఒక్క ముక్కా పడని నల్లటి నేల అలాగే ఉండిపోయింది.