తిరగేసిన గొడ్డలి

డోన్ రీడింగ్ రూములో ఆదివారం సాయంత్రం ప్రశ్నల పోటీ పెట్టినారు. పోటీ అంతా ఒకే పుస్తకం మీద: ముసలమ్మను గొడ్డలితో చంపి, ఆ పాపం కడుపులో దాచుకోలేక కుమిలిపోయే విద్యార్థి కథ. రష్యా నవల. ఒకరినొకరు ప్రశ్న అడగాల; అడిగినోళ్ళు పది లెక్కపెట్టేలోగా జవాబు చెప్పకుంటే ఓడినట్టే.

ఆఖరికి ఇద్దరు మిగిలినారు, వకీలు చెన్నకేశవులు, బడిపంతులమ్మ మహాదేవమ్మ. ఆయన నవ్వు చూస్తేనే ఆమెకు ఒళ్ళు మండుతుంది. మూడేండ్లుగా మండుతానే ఉంది.

"అడుగమ్మా, భయపడొద్దు," అన్నాడు చెన్నకేశవులు.

"ముసలమ్మను గొడ్డలితో ఎట్ల కొట్టినాడు?"

"తిరగేసి, మొద్దుపక్కతో." వకీలు కాలుమీద కాలేసుకున్నాడు. "శానామంది అంచుతో నరికినాడనుకుంటారు. సరిగ్గా చదవరు."

"అయితే తల తెగలేదా?"

"మొద్దుపక్కతో కొడితే యాడ తెగుతాదమ్మా? పగులుతాది. ఆమాత్రం తెలీదా?"

జనం చప్పట్లు కొట్టినారు. గెలిచినోళ్ళకని తెచ్చిన శాలువా ఆయన భుజాన కప్పబోయినారు. మహాదేవమ్మ లేచి నిలబడింది.

"మరి మా అన్న గిడ్డయ్యను చంపిన కేసులో, కోర్టులో నువ్వేమంటివి? తల పగిలిందే కానీ తెగలేదు, కాబట్టి గొడ్డలిదెబ్బే కాదు, తాగి బండమీద పడి సచ్చినాడంటివి. నువ్వు విడిపించినోడు ఈపొద్దుకీ ఆ గొడ్డలే భుజానేసుకొని మా వాకిటి ముందర తిరుగుతాండాడు. ఆఖరి ప్రశ్న అడుగుతాండా, వకీలప్పా. అప్పటికి ఈ పుస్తకం చదివుంటివా, లేదా?"

చప్పట్లు ఆగిపోయినాయి. చెన్నకేశవులు కాలుమీది కాలు దించినాడు.

"ఒకటి," అని మహాదేవమ్మ లెక్క మొదలుపెట్టింది.