మూడో వరస చివరి పీపా

సోమవారం వచ్చిందంటే పీపాలమ్మ వైను గదిలోని నలభై పీపాలకీ వరసగా బిరడాలు ఊడదీసి, వైను తగ్గినచోట చెంబుతో నింపి, వేలి కణుపుతో ఒక్కోదాని పొట్ట మీద కొట్టి చూసేది. ముప్పై నాలుగేళ్లుగా ఇదే పని. చదువు అంతంతమాత్రం కాబట్టి పీపాల మీద సుద్దముక్కతో తన గుర్తులు తనే పెట్టుకునేది. పులుపుకి చుక్క, వగరుకి గీత. తనకి జరిగిన అన్యాయాలకి మాత్రం దూలం మీద వేరే గీతలు. వాటిని తుడిచే హక్కు ఎవరికీ లేదు.

మూడో వరస చివరి పీపాకి ఒక అలవాటుంది. ఆ గదిలో ఎవరైనా అబద్ధమాడితే దాని బిరడా ఠప్పున ఎగిరి పైకప్పుకి తగిలేది. ఇంటి తలుపు కిర్రుమంటే సర్దుకుపోయినట్టే అందరూ సర్దుకుపోయారు. అబద్ధం అవసరమైతే పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లి ఆడి వచ్చేవారు. "ఒక్క నిమిషం బయటికొస్తావా" అని ఎవరైనా పిలిస్తే సగం సంగతి అక్కడే తెలిసిపోయేది. పీపాలమ్మ మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా ఆ బిరడా ఎగరగొట్టలేదు. అదంటే ఆమెకి మహా గర్వం.

యజమాని ఆమెతో ముఖ్యమైన మాటలన్నీ కుళాయి దగ్గరే చెప్పాడు. గది మొత్తం చూసుకునే గది పెద్ద పదవి మొదటిసారి ఖాళీ అయినప్పుడు, "చిన్నపిల్లవి, రేపు పెళ్లయితే వెళ్లిపోతావు" అన్నాడు. రెండోసారి, "పిల్లల తల్లివి, నీకెందుకీ బరువు" అన్నాడు. ఈసారి గది పెద్ద మోకాళ్లు అరిగి మానుకుంటే, "ఈ వయసులో నిన్ను కష్టపెట్టలేను" అన్నాడు. మానుకున్నాయనకి డెబ్బై రెండేళ్లు. పీపాలమ్మకి యాభై ఆరు. మరి ఆ సరైన వయసు ఎప్పుడొచ్చి ఎప్పుడు పోయిందా అని ఆమె చాలాసేపు ఆలోచించింది. ఏదో ఆదివారం వచ్చి పోయుంటుంది. ఆదివారం గది మూసేస్తారు.

పదవి యజమాని మేనల్లుడికి దక్కింది. ముప్పై ఏళ్లవాడు, వైను చదువు చదివొచ్చాడు. వచ్చినరోజే సుద్ద గుర్తుల్ని మురికి అనుకుని నలభై పీపాలూ తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేశాడు.

"ఏం బాబూ, గది పెద్దగా వచ్చావా, గది ఊడవడానికి వచ్చావా?" అంది పీపాలమ్మ. దూలం మీద ఇంకో గీత పడింది, కాస్త లావుగా.

ఆ మర్నాడే వైను కొనే ఆవిడ వచ్చింది. బయట కుండపోత వాన. కుళాయి దగ్గరికి వెళ్లే దారే లేదు. యజమాని ఒక్కో మాటా తూచి తూచి మాట్లాడాడు.

"మా మేనల్లుడు చాలా చదివాడండీ. మనిషి పొడుగు కూడా. ఈ పనంటే వాడికి ప్రాణం..."

బిరడా వణికింది.

"...కావచ్చు, ముందు ముందు" అని ముగించాడు.

"పోయినసారి నాకు పంపిన వైను ఏ పీపాలోది?" అడిగింది ఆవిడ.

మేనల్లుడు తళతళలాడుతున్న నలభై పీపాల్నీ కలయజూశాడు. "వీటిల్లో ఒకదాన్లోదేనండీ" అన్నాడు.

పీపాలమ్మ ఒక్కో పొట్టా కొట్టుకుంటూ వెళ్లి తొమ్మిదోదాని దగ్గర ఆగింది. ఆవిడ ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది.

"దీన్ని పెంచిందెవరు?"

యజమాని తలుపు వైపు చూశాడు. వాన తగ్గలేదు. "పెద్దమ్మేనండీ" అన్నాడు మేనల్లుడు, పీపాలమ్మని చూపిస్తూ.

"అయితే ఇక్కడ పెద్ద మీరేనన్నమాట."

"కాదు" అంది పీపాలమ్మ.

"అవ్వాలని లేదా?"

ఇంతమంది ముందు దేబిరించడమా! పీపాలమ్మ తల ఎగరేసింది. "నాకెందుకండీ ఆ పదవి. బతిమాలినా తీసుకోను."

ఠప్పు.

బిరడా పైకప్పుకి తగిలి, దొర్లుకుంటూ యజమాని బూటు దగ్గర ఆగింది. పీపాలమ్మ చెవులు వేడెక్కిపోయాయి. నేల చీలితే దిగిపోవాలనిపించింది.

"మామయ్యా, పెద్దమ్మకి కావాలట" అన్నాడు మేనల్లుడు మెల్లగా.

"నలభై పీపాలూ నేనే తీసుకుంటాను" అంది వైను కొనే ఆవిడ. "కానీ పైయేడు కూడా ఈవిడే చూసుకోవాలి, పెద్దగా. ఒప్పుకుంటారా?"

యజమాని బిరడా ఏరి పీపాకి బిగించాడు. గొంతు సవరించుకున్నాడు.

"రేపటి నుంచి..."

బిరడా వణికింది.

"ఇవాళ్టి నుంచి" అని దిద్దుకున్నాడు, "గది పెద్దవి నువ్వే పీపాలమ్మా."

అందరూ బిరడానే చూస్తూ నిలబడ్డారు. అది కదల్లేదు.

మేనల్లుడు సుద్దముక్క తెచ్చి ఆమె చేతికిచ్చాడు. "దూలం మీద గీతలు కూడా తుడిచేయనా పెద్దమ్మా?"

"దాని జోలికెళ్లావంటే చూడు."

యజమాని నవ్వబోయి మానుకున్నాడు. "ఇంకా కోపమేనా నామీద?"

"అబ్బే, కోపమేం..." అనబోయి పీపాలమ్మ మూడో వరస చివరికి చూసి టక్కున ఆగింది.

"వాన తగ్గనివ్వండి" అంది. "కుళాయి దగ్గర చెబుతాను."