టర్బో షాఫ్టు మీద వేసిన నింద

"టర్బో ఇంజను షాఫ్టు మామూలు ఇంజనుకి వేస్తే ప్రాణాలు పోతాయండీ, ప్రాణాలు!"

కార్ల మెకానిక్ ఇశ్రాయేలు అరిచిన అరుపుకి షెడ్డు ముందు టీ తాగుతున్నవాళ్లు ఉలిక్కిపడ్డారు. ముమ్మిడివరం నుంచి వచ్చిన రొయ్యల చెరువుల ఆసామి సత్యదుర్గారావు బిత్తరపోయాడు. పాపం, ఆయన అడిగిందేముంది! తన పాత డీజిల్ కారుకి టర్బో లేదు. దాని వాల్వుల్ని తెరిచే క్యామ్‌షాఫ్టు పాడైంది, కొత్తది దొరకడం లేదు. అదే కంపెనీ టర్బో ఇంజనుది వేసేద్దామా అన్నాడు, అంతే.

ఇశ్రాయేలు భార్య దానమ్మ అలాంటి షాఫ్టు వల్లే పోయిందని ఆయనకేం తెలుసు? మూడేళ్ల కిందట ఓడలరేవులో చుట్టాలింట ఉండగా ఆవిడకి గుండెనొప్పి వచ్చింది. తమ్ముడు జయప్రకాష్ బావగారి కారులో ఎక్కించుకుని అమలాపురం ఆసుపత్రికి బయల్దేరాడు. సగం దారిలో ఇంజను టక్కున ఆగిపోయింది. ఆటో దొరికేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటలోనే దానమ్మ, కూతురు అక్షయని వదిలేసి, తమ్ముడి ఒళ్లో కన్నుమూసింది.

నెల ముందు, ఏం కాదని బావని ఒప్పించి ఆ కారుకి టర్బో షాఫ్టు వేసింది జయప్రకాషే. ఇంకేం కావాలి! వాల్వులు ఎక్కువ లేచి పిస్టన్లకి తగిలాయని ఇశ్రాయేలు తేల్చేశాడు, బానెట్టయినా ఎత్తకుండా. సమాధుల తోటలో పాస్టరుగారి ఎదుటే, "మీ అక్కని నువ్వే చంపేవురా, పో!" అని బావమరిదిని గెంటేశాడు. పదిహేనేళ్లు తన పక్కన పనిచేసిన మనిషిని! జయప్రకాష్ తలవంచుకుని వెళ్లిపోయాడు. ఎదురు చెప్పలేదంటే తప్పు ఒప్పుకున్నట్టేనని ఇశ్రాయేలు లెక్క.

"కోప్పడకండి మేస్త్రిగారూ. తేడా ఏంటో ఒక్కసారి చూపించండి, తెలుసుకుంటాను" అన్నాడు సత్యదుర్గారావు.

"ఆయ్, నా బండీ మీ మోడలే, చూడండి!" అని ఇశ్రాయేలు అలమర మీంచి తన కారు పాత షాఫ్టు దించాడు. బేరింగు చోట గీతలు పడ్డాయని అప్పట్లో తీసేసింది అది. ఆ వారమే విప్పిన టర్బో ఇంజను షాఫ్టు తెచ్చి దాని పక్కన పెట్టాడు. రెండింటినీ కిరసనాయిలుతో కడిగాడు. "ఈ గుడ్డు ఆకారంలో ఉన్నవే వాల్వుల్ని తెరుస్తాయండి. టర్బో గాలిని బలంగా తోస్తుంది కదా, అంచేత దానికి ఇవి ఎత్తుగా ఉంటాయి" అంటూ వెర్నియర్ స్కేలు పెట్టాడు.

మొదటిది సమానం. రెండోదీ సమానం. ఎనిమిదీ కొలిచాడు, మళ్లీ మొదటినుంచి కొలిచాడు. వంపులు ఒకటే. చివర కొట్టిన నంబరు కూడా ఒకటే.

"ఒకటేనండోయ్!" అని సత్యదుర్గారావు సంబరపడ్డాడు.

ఇశ్రాయేలు ఆయన్ని రేపు రమ్మని పంపించి, షెడ్డు వెనక మూడేళ్లుగా పట్టా కప్పి ఉన్న తన కారు దగ్గరికి వెళ్లాడు. షాఫ్టుని తిప్పే బెల్టు మీది కవరు విప్పాడు. బెల్టు తెగిపోయి, పళ్లు ఊడి వేలాడుతోంది.

షాఫ్టు వేసిన రోజున జయప్రకాష్ ఏమన్నాడో అప్పుడు గుర్తొచ్చింది. "బెల్టు కూడా మార్చేద్దామండీ బావగారూ, అరిగిపోయింది." ఊళ్లోవాళ్ల బండయితే అడగకుండానే మార్చేవాడు ఇశ్రాయేలు. "మన బండే కదరా, ఇంకో ఆర్నెల్లు లాగుతుంది" అని ఆ పాత బెల్టునే తన చేత్తో బిగించాడు.

తిండి కూడా తినకుండా ఐ.పోలవరం బస్సెక్కాడు. జయప్రకాష్ అక్కడ రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేసుకుని బతుకుతున్నాడు. బావని చూడగానే గబగబా చేతులు తుడుచుకుని కుర్చీ లాగాడు. "రండి బావగారూ, కూర్చోండి."

ఇశ్రాయేలు కూర్చోలేదు. "రెండు షాఫ్టులూ ఒకటేరా. తెగింది బెల్టు. నేను బిగించిన బెల్టు."

"తెలుసండి."

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"ఆవేళే అండీ. ఆటో కోసం చూస్తా, బండి కదులుతుందేమోనని కవరు విప్పేను."

"మరి నోరెందుకు విప్పలేదురా? అంతమందిలో నిన్ను అంత మాటన్నానే!"

జయప్రకాష్ చెరువు గట్టు మీద విప్పి పెట్టిన మోటారుని పక్కకి జరిపాడు. "చెబ్దామనే వచ్చేనండి. మిమ్మల్ని చూసేక మాట రాలేదు. మీ చేతి పనే అని తెలిస్తే ఏ గోదాట్లోనో దూకేసేవారు. మన అక్షయకి అమ్మ ఎలాగూ లేదు, నాన్నయినా ఉండాలి కదండీ. నా మీద కోపంతోనైనా బతికేరు, బావగారూ."

క్షమించమని అడగడానికే వచ్చాడు ఇశ్రాయేలు. ఆ మాట ఇప్పుడు ఏ మూలకీ చాలదనిపించింది. చెరువు గట్టు మీద కూలబడి, బావమరిది చేతులు పట్టుకుని, దానమ్మ కోసం మొదటిసారి భోరున ఏడ్చాడు. మూడేళ్లూ కోపం అతన్ని ఏడవనివ్వలేదు.